చివరిదాకా మోయగలిగేది

నా గుండెలో ఒక వాల్వు లోహంతో చేసింది. అది పెట్టి పధ్నాలుగు నెలలైంది. ఇప్పుడు పొలం గట్ల మీద నడుస్తున్నాను, ఆఫీసు మెట్లెక్కుతున్నాను, మా అత్తగారితో వాదనకి కూడా దిగుతున్నాను. అందుకే రాయడానికి ధైర్యం వచ్చింది. భయంలో ఉండగా రాసి ఉంటే ఇది ఏడుపు తప్ప మరొకటి అయ్యేది కాదు. ఇంకో కారణం, ఈ మధ్య ఊళ్ళో ఇద్దరు ముగ్గురు తల్లులు నన్ను దారిలో ఆపి, తమ పిల్లల కీళ్ళ నొప్పుల గురించి అడిగారు. నిలబడి చెబితే సగమే చెప్పగలుగుతున్నాను. మిగతా సగం ఇక్కడ పెడుతున్నాను.

నా పేరు సునీత. నర్సీపట్నంలో పెదబొడ్డేపల్లి వైపు ఉంటాం. నాతవరం మండలంలో ఒక గ్రామ సచివాలయంలో సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. మా ఆయన రవికి కాలిపోయిన మోటార్లకి వైండింగ్ చేసే షాపు ఉంది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు సత్యవతమ్మ. మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. మా అమ్మ కూడా లేదు, నా పదమూడో ఏట కామెర్లతో పోయింది. నాన్నని అందరూ దాసు మేస్త్రి అంటారు. తాపీ పని చేస్తాడు, మా సంఘంలో పెద్ద. పాస్టరుగారు ఊళ్ళో లేని ఆదివారం వాక్యం చెప్పేది ఆయనే.

పోయినేడాది మే నెలలో కాలవ నీళ్ళు వదలకముందే కొలతలు పూర్తి చేయాలని పొద్దున్నే పొలాలకి వెళ్ళేవాళ్ళం. కొలత పరికరం బిగించిన కర్ర పట్టుకుని గట్టు మీద నడవడం నాకు ఆరేళ్ళుగా అలవాటే. ఆ నెలలో మాత్రం పాతిక అడుగులకోసారి ఆగాల్సి వచ్చింది. ఎండ అనుకున్నాను. ఒకరోజు హద్దు రాయి దగ్గరికి చేరేసరికి కళ్ళు బైర్లు కమ్మి, అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఆ పొలం రైతు పరిగెత్తుకొచ్చాడు.

"ఓలమ్మ, మొకం అలగ తెల్లబోయిందేటమ్మా! కూకోండి, లెగకండి. కొలతలు రేపైనా సేసుకోవచ్చు. మీకేటైనా అయితే మాకు మాటొస్తాది," అంటూ తాటి ముంజలు చీరి చేతిలో పెట్టాడు. అవి తిన్నాక కాస్త తేరుకున్నాను. అతనికి కృతజ్ఞతలు చెప్పి, మర్నాడు మళ్ళీ అదే గట్టు మీద నడిచాను. ఆ మొండితనం గురించి గొప్పగా చెప్పుకోవడం లేదు. అప్పుడు నాకు అంతే తెలివి.

జూన్ వచ్చేసరికి వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. తలకింద రెండు దిండ్లు, తర్వాత మూడు. రవి నన్ను ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు స్టెతస్కోపు నా ఛాతీ మీద పెట్టి, తీయకుండా చాలాసేపు విన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"చిన్నప్పుడు జ్వరంతో కీళ్ళు వాచాయా అమ్మా?"

"వాచాయండి. పదకొండేళ్ళప్పుడు."

"మూడు వారాలకోసారి ఇంజెక్షన్ వేయించుకోమన్నారా?"

"అన్నారండి."

"ఎప్పటిదాకా వేయించుకున్నావు?"

"పదో తరగతి దాకా."

ఆయన కలం బల్ల మీద పెట్టేశాడు. నా పక్కన కూర్చున్న రవి తల తిప్పి నా వైపు చూశాడు. పెళ్ళయి నాలుగేళ్ళైనా ఈ సంగతి అతనికి చెప్పలేదు. దాచాలని కాదు. నేనే మరిచిపోయాను. అంత బాగా మరిచిపోయాను.

జరిగింది ఇదీ. పదకొండేళ్ళప్పుడు నాకు ఒక జ్వరం వచ్చింది. మోకాళ్ళు, చీలమండలు వాచి నడవలేకపోయాను. విశాఖపట్నంలో చూపిస్తే, ఈ జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తే గుండె పాడవుతుందని, రాకుండా ఉండాలంటే పెద్దయ్యేదాకా మూడు వారాలకోసారి ఇంజెక్షన్ పడాల్సిందేనని చెప్పారు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఒక్కటీ తప్పలేదు. అమ్మ పోయాక నాన్న తీసుకెళ్ళేవాడు. ఆ ఇంజెక్షన్ వేసిన చోట రాయి కట్టినట్టు ఉండేది. రెండు రోజులు కుంటేదాన్ని. బడిలో నడక చూసి నవ్వేవాళ్ళు. పదో తరగతి పరీక్షల ముందు నాన్న చేయి పట్టుకుని ఏడ్చాను. "నాన్నా, ఈ ఒక్కసారికి మానేద్దాం. నాకిప్పుడు ఏ నొప్పీ లేదు కదా." అమ్మ లేని పిల్లని ఏడిపించడం ఆయన వల్ల కాలేదు. సరేనన్నాడు. మూడు వారాల తర్వాత ఇద్దరిలో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత అది ఒకటుందని కూడా గుర్తు లేనట్టు బతికేశాం.

జూలైలో విశాఖపట్నం తిరగడం మొదలైంది. తెల్లారి బస్సెక్కి తాళ్ళపాలెం, అనకాపల్లి మీదుగా వెళ్ళి, గుండె స్కానింగ్ గది ముందు ఇనుప కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. అక్కడ ఎవరి ఫైలు వాళ్ళు ఒళ్ళో పట్టుకుని ఉంటారు. ఎవరైనా లోపలికి వెళ్తే అందరూ ఆ తలుపు వైపే చూస్తారు. బయటికి రాగానే ముఖం చూసి, ఫలితం ఏమిటో ఊహించుకుంటారు. నేనూ అలాగే చూడడం నేర్చుకున్నాను.

అక్కడే నూకరత్నం గారు పరిచయమయ్యారు. పాయకరావుపేట ఆవిడ, యాభై దాటి ఉంటాయి. ఆవిడకి ఎనిమిదేళ్ళ కిందటే వాల్వు మార్చారు. మొదటిరోజు నేను మంచినీళ్ళ సీసా మూత తిప్పలేక అవస్థ పడుతుంటే, ఆవిడ తీసుకుని తిప్పబోయి, తన ఎడమ చేయి సహకరించక, సీసాని మోకాళ్ళ మధ్య పెట్టుకుని కుడిచేత్తో తిప్పి ఇచ్చారు. నేను ఆ చేతి వైపు చూడడం గమనించారు.

"ఇది గుండె వల్ల కాదమ్మా. నా తెలివితక్కువ వల్ల," అన్నారు నవ్వుతూ. "నాది ఇనప వాల్వు. రోజూ రక్తం పలచబడే మాత్ర ఏసుకోవాలి. మా పెద్దమ్మాయి పెళ్ళిపనుల్లో పది రోజులు మానేశాను. పెళ్ళి బాగానే అయిపోయింది. అప్పగింతలవుతుండగా మూతి వంకర పోనాది, సెయ్యి పడిపోనాది. మూతి బాగైంది. సెయ్యి ఇలగుండిపోయింది."

"భయం వేయదా అండీ, రోజూ ఆ మాత్రతో?"

"మొదటి ఆరు నెలలూ ఏసింది. ఇప్పుడు పళ్ళు తోముకోడానికి భయమేస్తాదేటి? అలగే ఇదీను."

ఆగస్టు మొదటి వారంలో సర్జన్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి విషయం చెప్పారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. వాల్వు బాగుచేయడానికి లేదు, మార్చాలి. మార్చడానికి రెండు రకాలున్నాయి. ఒకటి లోహంది. అది జీవితాంతం ఉంటుంది. కానీ జీవితాంతం రోజూ మాత్ర, నెలనెలా రక్త పరీక్ష. ఆ మాత్ర మీద ఉండగా గర్భం వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. రెండోది జంతువు కణజాలంతో చేసింది. దానికి ఆ మాత్ర కొన్ని నెలలే. బిడ్డని కనే అవకాశం ఉంటుంది. కానీ నా వయసు వాళ్ళలో అది త్వరగా అరిగిపోతుంది. నలభై దాటాక మళ్ళీ ఛాతీ తెరవాలి. రెండోసారి ఆపరేషన్ మొదటిదాని కంటే కష్టం.

"ఏది మంచిది సార్?" అని రవి అడిగాడు.

"రెండూ మంచివే. రెంటికీ వెల ఉంది. ఒకటి రోజూ కొంచెం కొంచెం అడుగుతుంది, ఇంకోటి కొన్నేళ్ళాగి ఒక్కసారే అడుగుతుంది. ఆవిడకి ఇరవై తొమ్మిదేళ్ళు. ఆవిడే ఆలోచించుకుని చెప్పాలి. పది రోజులు తీసుకోండి."

ఆ పది రోజుల్లో మా ఇల్లు ఇల్లులా లేదు.

మా అత్తగారు మొదటిరోజే తన మాట చెప్పేశారు. "బిడ్డని కనే ఈలున్నది పెట్టించుకో. ఒక్క గుంట పుడితే సాలు. తర్వాత సంగతి తర్వాత. పదేళ్ళకి మందులు ఎలగుంటాయో, డాక్టర్లు ఎలగుంటారో ఎవరికెరుక?" ఆవిడ మాటలో దుర్మార్గం లేదు. ఒక్కగానొక్క కొడుకు. చేతులు ఖాళీగా ఉన్న మనిషి ఆశ అది. కానీ "తర్వాత సంగతి తర్వాత" అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది. పదో తరగతిలో నేను నాన్న చేయి పట్టుకుని చెప్పిందీ అలాంటి మాటే.

"ఆ తర్వాతలోనే కదత్తయ్యా నేనిప్పుడున్నాను," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, లేదా అర్థమయ్యే కోపం వచ్చింది. అప్పట్నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

రవికి షాపే లోకమైంది. పొద్దున్నే షాపుకి వెళ్ళడం, తీగ చుట్టుకోవడం, రావడం. అడిగితే "నీ ఇష్టం సునీ" అనేవాడు. ఆ మాటలో ప్రేమ ఉందో, దూరం ఉందో తెలిసేది కాదు.

నాన్న అయితే అసలు ఇంటికి రావడం మానేశాడు. ఫోన్ చేసి ఏది మంచిదని అడిగితే, "నానేటీ సెప్పనమ్మా. నాకు సెప్పే అర్హత లేదు," అని పెట్టేశాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆయన సంఘంలో పెద్ద. ప్రభువు చెప్పిన గోపురం కథ ఆయనకి ప్రాణం. ఒకాయన గోపురం కడదామని మొదలుపెట్టి, సగంలో ఆపేసి, చూసినవాళ్ళందరికీ నవ్వులాటైపోయిన కథ. పని మొదలుపెట్టకముందే కూర్చుని, చివరిదాకా చేయగలవా అని చూసుకోమని దాని అర్థం. నాన్న చెబితే అందులో ఇసుక, ఇనుము, సెంట్రింగ్ చెక్కలు అన్నీ కనబడేవి. చిన్నప్పట్నుంచి కనీసం ముప్పైసార్లు విని ఉంటాను. అలాంటి మనిషికి నా విషయంలో నోరు రావడం లేదు!

ఆరో రోజు మధ్యాహ్నం షేరాటో ఎక్కి బలిఘట్టం వెళ్ళాను. అక్కడ నాన్న ఒక ఇంటికి గోడలు లేపుతున్నాడు. నన్ను చూసి తాపీ కింద పెట్టి, సిమెంటు బస్తా మీద ఖాళీ సంచి పరిచి కూర్చోమన్నాడు. కూలీలు భోజనాలకి వెళ్ళారు. ఇద్దరమే ఉన్నాం.

"ఎండలో ఎందుకొచ్చేవమ్మా? కబురెడితే నానే వద్దును కదా."

"కబురెడితే వస్తున్నావా నువ్వు? ఫోన్ పెట్టేస్తున్నావు. పధ్నాలుగేళ్ళ కిందట నేను ఏడిస్తే నా మాట విన్నావు. ఇప్పుడు నువ్వు మాట్లాడు నాన్నా అంటే నోరు మెదపవు. అప్పుడు మాట్లాడాల్సింది. ఇప్పుడూ మాట్లాడాల్సిందే."

ఆయన చేతికి అంటిన సిమెంటు గోళ్ళతో గీకుతూ చెప్పాడు.

"నీకు తెలీనిది ఒకటుంది. ఇంజెక్షన్ మానేశాక రెండేళ్ళకి, నీకు అది ఏసే నర్సమ్మ నన్ను బజార్లో ఆపింది. మేస్త్రీ, మీ గుంటని తేవట్లేదేటి అని అడిగింది. నాను..." ఆగాడు. "విశాపట్నంలో ఏయిస్తున్నామని సెప్పీసాను."

"అబద్ధం చెప్పావా?"

"సెప్పాను. సిగ్గేసి సెప్పాను. రెండేళ్ళు తేలేదంటే ఆవిడ తిడతాదని. అప్పుడైనా నిన్ను తీసుకెళ్ళుంటే సరిపోను. తీసుకెళ్తే ఈ రెండేళ్ళూ ఏటి సేసేవని అడుగుతారని, అదీ మానీసాను. ఒక మాట ఆడి దాన్ని కాసుకుంటూ కూకున్నాను తల్లీ. ఆ మరుసటి ఆదివారం మందిరంలో నించుని మళ్ళీ గోపురం కతే సెప్పాను."

ఆ క్షణంలో నాకు ఆయన మీద జాలి కలగలేదని చెబితేనే నిజం. కోపం వచ్చింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ లేవడానికి ఊపిరి కావాలి. అది సర్దుకునేలోపు ఆయన ముఖం చూశాను. ఎప్పుడూ లేనంత ముసలిగా కనిపించాడు. మానేద్దామని మొదట అడిగింది నేనేనన్న సంగతి కూడా అప్పుడే నన్ను గుచ్చింది. పదిహేనేళ్ళ పిల్లకి ముందుచూపు లేకపోవడం తప్పు కాదు. కానీ పద్దెనిమిదికి, ఇరవైకి, ఉద్యోగం వచ్చాక? నాకైనా గుర్తు రాలేదే.

"సరే నాన్నా. అది అయిపోయింది. ఇప్పుడు చెప్పు. ఏది పెట్టించుకోను?"

తల అడ్డంగా ఊపాడు. "తప్పించుకోడానికి కాదమ్మా, నిజంగా నాకు తెలీదు. ఆ గోపురం కట్టినోడి తప్పేటి? కట్టాలనుకోడం తప్పా? కాదు. సివరిదాకా మొయ్యగలనా అని కూకుని సూసుకోలేదు, అదీ తప్పు. నువ్వు దేన్ని సివరిదాకా మొయ్యగలవు? రోజూ మాత్రనా, నలభై దాటాక రెండో కోతనా? ఒకసారి మానీసినోళ్ళం మనం. అది కూడా ఆలోసించుకో. నీ మనసుకి నువ్వే అబద్ధం సెప్పకు. నాను సెప్పినట్టు."

నాకు కావలసింది అదే. ఏది మంచిదన్న ప్రశ్నకి డాక్టరు దగ్గరే జవాబు లేదు. నేను ఏది మోయగలను అన్నదానికి నా దగ్గర ఉంది. షేరాటోలో తిరిగి వస్తూ ఆలోచించాను. మానేసే గుణం నాలో ఉందని తెలుసు. అయితే నేను మానేసింది నొప్పి లేదని, ఏమీ కాదులే అనే నమ్మకంతో. ఇప్పుడు ఆ నమ్మకం లేదు. నూకరత్నం గారి చేయి చూశాను. రోజూ ఒక మాత్ర వేసుకోగలను, నలభై ఏళ్ళు వేసుకోగలను. నలభై దాటాక, ఒక బిడ్డ చేయి వదిలించుకుని మళ్ళీ ఆపరేషన్ గది తలుపు లోపలికి వెళ్ళడం మాత్రం నావల్ల కాదు. ఇంకొకరికి అది ధైర్యంగా ఉండొచ్చు. వాళ్ళు కణజాలపు వాల్వు ఎంచుకుంటే నేను తప్పనను.

ఆ సాయంత్రం రవికి చెప్పాను. విన్నాడు. చొక్కా వేసుకుని షాపుకి వెళ్ళిపోయాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న నేను వంటింట్లో ఉంటే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"నాకు బిడ్డ కావాలని ఉంది సునీ. లేదని సెప్తే అబద్ధం. షాపులో కూడా ఏ గుంట వచ్చినా సూత్తాను నేను."

"తెలుసు."

"ఈ బాధ నాకు ఉంటాది. పోదు. ఎప్పుడైనా నా మొకం మీద కనబడితే, నీవల్లే అని మాత్రం అనుకోకు. ఆ బాధ నేను మోస్తాను. నీ మాత్ర నువ్వు మొయ్యి." గుమ్మం వదిలి లోపలికొచ్చి, "పెంచుకోడం గురించి అడిగితే కోప్పడతావా?" అన్నాడు.

"ముందు నన్ను బతకనీ," అన్నాను. ఆ పది రోజుల్లో మొదటిసారి ఇద్దరం నవ్వాం.

సెప్టెంబరు మూడో వారంలో ఆపరేషన్. దాని గురించి నాకు తెలిసింది తక్కువ. లోపలికి తీసుకెళ్ళే ముందు నాన్న ప్రార్థన చేయబోతే గొంతు రాలేదు. పక్క మంచం పెద్దాయన, ఆయన హిందువు, "మీరు కళ్ళు మూసుకోండి మేస్త్రిగారూ, మనసులో అనుకున్నా దేవుడికి వినబడుతుంది," అని చెప్పి తనూ కళ్ళు మూసుకున్నాడు. మెలకువ వచ్చాక మొదట తెలిసింది దాహం. గొంతులో గొట్టం ఉంది కాబట్టి నీళ్ళు ఇవ్వరు. ఒక నర్సు దూదిని తడిపి పెదాలకి అద్దేది. ఆ తడి కోసం ఆమె అడుగుల చప్పుడు వింటూ ఉండేదాన్ని. ఆమె పేరు అడగలేదు. ఇప్పటికీ అదొక వెలితి.

దగ్గు వస్తే ఛాతీ రెండుగా చీలుతున్నట్టు ఉండేది. నూకరత్నం గారు ముందే చెప్పారు, చిన్న దిండు గుండెకి గట్టిగా హత్తుకుని దగ్గమని. అది చెప్పినందుకు ఆవిడకి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో! ఈ ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దిండు మరిచిపోకండి.

వార్డుకి మార్చిన రెండో రోజు మా అత్తగారు దువ్వెన పట్టుకుని మంచం పక్కన నిలబడ్డారు. చేతులు పైకెత్తకూడదు కాబట్టి నా జుట్టు వారం రోజులుగా చిక్కుపడి ఉంది. ఆవిడ ఒక్కో పాయా విడదీస్తూ, లాగకుండా, గంటసేపు దువ్వి జడ వేశారు. జడ చివర రబ్బరు బ్యాండు పెట్టి, "నొప్పెట్టిందా?" అన్నారు. లేదన్నాను. "నీ మీద కోపం పోనేదు నాకు. అయినా రోజూ దువ్వుతాను," అన్నారు. ఇంటికెళ్ళాక కూడా రెండు నెలలపాటు దువ్వారు.

అక్టోబరు, నవంబరు ఇంట్లోనే. వరండా చివరిదాకా నడక, తర్వాత వీధి చివరిదాకా. ఒకసారి ముక్కులోంచి రక్తం ఆగకుండా వచ్చి అందరం హడలిపోయాం. మాత్ర మోతాదు ఎక్కువైందన్నారు, తగ్గించారు. అప్పట్నుంచి పరీక్ష తేదీ ఒక్కటీ తప్పలేదు. మాత్ర రాత్రి భోజనమయ్యాక వేసుకుంటాను. వేసుకోగానే క్యాలెండర్‌లో గీత గీస్తాను. నాకు నా మీద ఉన్నది అనుమానం కాదు, జాగ్రత్త.

డిసెంబరు మొదటి ఆదివారం మందిరానికి వెళ్ళాను. అందరూ మౌనంగా ప్రార్థన చేస్తుండగా నా వాల్వు చప్పుడు నాకే పెద్దగా వినబడింది. లోహపు రెక్కలు మూసుకున్నప్పుడల్లా టిక్, టిక్ అంటుంది. ముందు వరసలో చిన్నపిల్ల వెనక్కి తిరిగి, "ఎవలి వాచీయమ్మా అది?" అని పైకే అడిగింది. వాళ్ళమ్మ నోరు మూసింది. నాకు నవ్వాగలేదు, కుట్లు లాగుతున్నా నవ్వాను.

సాక్ష్యాలు చెప్పే సమయంలో నాన్న లేచాడు. దేవుడు నా బిడ్డని బతికించాడని చెప్పి కూర్చుంటాడనుకున్నాను. అది చెప్పాడు. కూర్చోలేదు.

"పెద్దోడినని మీరందరూ నా మాట ఇంటారు. అందుకే ఇది కూడా ఇనాలి. బైబిల్లో ఒక అన్న ఉన్నాడు, ఆకలేసి ఇంటికొచ్చి, ఒక్క పూట చిక్కుడుకాయల కూరకి తన పెద్దరికం తమ్ముడికి ఇచ్చీసినోడు. ఆణ్ణి సూసి ఎన్నిసార్లు నవ్వించేనో మిమ్మల్ని. నా బిడ్డ ఒక్క పూట ఏడుపు సూడలేక నానూ అదే పని సేసాను. ఇంజెక్షన్ మానిపించాను. నర్సమ్మ అడిగితే అబద్ధం ఆడేను. ఇరవై తొమ్మిదేళ్ళకి దాని గుండె కోసేరు." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "దేవుడు నా బిడ్డని కాపాడేడు. అంటే నాను సేసింది మంచిదైపోదు. మీ ఇళ్ళల్లో అలగటి గుంటలుంటే, ఏడిస్తే ఏడవనీండి. ఎత్తుకుని తీసుకెళ్ళండి."

తర్వాత ఒకరిద్దరు పెద్దలు, ఇంటి సంగతి అందరి ముందూ చెప్పాలా అని గొణిగారు. పాస్టరుగారు మాత్రం నాన్న భుజం మీద చేయి వేసి, "ఇవాళ నేను వాక్యం చెప్పక్కర్లేదు దాసుగారూ," అన్నారు. నాన్న మీద నాలో మిగిలిన కోపం ఆరోజు దిగిపోయింది. మొత్తం కాదు, చాలావరకు. మిగిలింది ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం దానితో బాగానే ఉన్నాం.

ఆ మధ్యాహ్నమే ఒక తల్లి తన తొమ్మిదేళ్ళ పాపతో నాన్న ఇంటికి వచ్చింది. పాప చీలమండలు వాచి ఉన్నాయి. నాన్న ఆ పూటే వాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

జనవరి ఆఖర్న ఉద్యోగంలో చేరాను. ఏడాది కావస్తోంది. పెంచుకోవడం గురించి రవీ నేనూ మాట్లాడుకుంటున్నాం, తొందర లేదు. అతని ముఖంలో ఆ బాధ అప్పుడప్పుడు కనబడుతుంది. చెప్పినట్టే, దాన్ని అతనే మోస్తున్నాడు. నావల్లేనా అని నేను అడగను.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. పిల్లల కీళ్ళు జ్వరంతో వాస్తే చూపించండి. ఏళ్ళ తరబడి మందు వాడమంటే, నొప్పి తగ్గిందని ఆపకండి. ఇప్పటికే ఆపేసి ఉంటే, సిగ్గుపడి ఇంకా దాచకండి, రేపే వెళ్ళండి. నాలా రెండు దారుల మధ్య నిలబడితే, ఇవాళ ఏది తేలికో చూడకండి. పదేళ్ళకి, ఇరవై ఏళ్ళకి ఆ దారి ఎక్కడికి చేరుస్తుందో చూడండి, అంతదూరం నడవగలరో లేదో మీ మనసునే అడగండి. అలా అడిగి ఎంచుకున్నాను కాబట్టే ఇప్పుడు నాకు పెద్దగా భయం లేదు.

పోయిన నెల నాతవరంలో మా అత్తగారి వైపు చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల దగ్గర దూరపు చుట్టం ఒకావిడ, చాలా ఏళ్ళ తర్వాత కలిసిన మనిషి, నన్ను పైనించి కిందిదాకా చూసి మా అత్తగారిని అడిగింది.

"కోడలికి ఏటైనా విశేషమా సత్యవతీ?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రవి విస్తరి వైపు చూస్తున్నాడు. మా అత్తగారు తొందరపడలేదు. నోట్లోది నమిలి మింగి, మంచినీళ్ళు తాగారు.

"విశేషమే. మా కోడలు బతికుంది," అన్నారు. "ఇంతకు మించిన విశేషం నాకొద్దు. ఆ పప్పు ఇటు జరుపు."